మూడో పోస్టు డబ్బా ఇల్లు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఇవాళ బాబాయ్ గిటారు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. మధ్యలో తీగలు మోగితే ఎడిటింగ్ తప్పని నన్ను తిట్టకండి. బాబాయ్, బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాటలు కదా. ఆ మాటంటే అందరూ బీబీ కింగ్ పేరు చెబుతారు, నువ్వేమో మిసిసిపీ జాన్ హర్ట్ అంటావు. ఎందుకు?

బాబాయ్: కింగ్ మీద నాకేం కోపం లేదమ్మా. కానీ హర్ట్ అరవడు, ఏడవడు. పక్కింటి తాతయ్య అరుగు మీద కూర్చుని తనలో తాను పాడుకుంటున్నట్టు ఉంటుంది. ఇది వినూ...

(గిటారు)

చూశావా? బొటనవేలు కింది స్వరాల మీద ఇటొకటి అటొకటి వేస్తూనే ఉంది. చూపుడువేలూ మధ్యవేలూ పాట పాడుతున్నాయి. మృదంగం వాడూ నువ్వే, పాడేవాడూ నువ్వే. నాకు రెండేళ్లు పట్టింది, ఇప్పటికీ బొటనవేలు తడబడుతుంది.

హోస్ట్: ఎవరి దగ్గర నేర్చుకున్నాడాయన?

బాబాయ్: ఎవరూ నేర్పలేదు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, అందులో అవలాన్ అని ఓ పిసరంత పల్లె. తొమ్మిదో ఏట గిటారు పట్టాడు. పగలు పొలం పని, రాత్రి ఊళ్లో డాన్సులకు వాయించడం. అక్కడే విల్లీ నార్మర్ అని ఓ తెల్లాయన ఫిడేలు వాయించేవాడు. ఆ రోజుల్లో, ఆ రాష్ట్రంలో, నల్లజాతి హర్టూ ఆ తెల్లాయనా కలిసి వాయించేవారు! ఆ నార్మరే రికార్డుల కంపెనీకి ఈయన పేరు చెప్పాడు. కంపెనీ పేరు ఓకే. నిజంగా అదే పేరు.

హోస్ట్: (నవ్వు) ఓకే.

బాబాయ్: 1928 ఫిబ్రవరిలో మెంఫిస్ పిలిపించారు. పెద్ద హాలు, లోపల ఈయనా, ఇంకో ఇద్దరూ. కుర్చీలో కూర్చోబెట్టి మైకు నోటి దగ్గరకు తోసి, ఇక తల కదపొద్దన్నారట. భయంతో బిగుసుకుపోయి పాడాడు. తర్వాత కొన్ని రోజులు మెడ నొప్పేనని ఆయనే చెప్పుకున్నాడు. ఆ రికార్డింగులో ఆ మెడనొప్పి వినిపించదు, అదీ మాయ.

హోస్ట్: డబ్బులేమైనా ఇచ్చారా?

బాబాయ్: పాటకు 20 డాలర్లు, పైన దారి ఖర్చులు. డిసెంబరులో మళ్లీ న్యూయార్క్ పిలిచారు. పల్లెటూరి మనిషి, అంత పట్నం, పైగా చలి. ఊరి మీద బెంగపడి ఓ పాట కట్టేశాడు. అవలాన్ మా ఊరు, ఎప్పుడూ నా మనసులోనే ఉంటుందని. రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. మరుసటేడు షేర్ మార్కెట్ కుప్పకూలింది. ఈయన తిరిగి పొలానికి పోయాడు. అంతే, ముప్పై అయిదేళ్లు.

హోస్ట్: ముప్పై అయిదేళ్లూ ఎవరూ వెతకలేదా?

బాబాయ్: 1952లో వచ్చిన ఓ పాత పాటల సంకలనంలో ఈయనవి రెండు పెట్టారు. విన్నవాళ్లంతా ఈ మనిషి ఎప్పుడో పోయుంటాడనుకున్నారు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే కుర్రాడు ఆ బెంగ పాట విన్నాడు. కొత్త మ్యాపుల్లో అవలాన్ లేదు, పాత అట్లాసులో దొరికింది. కారేసుకుని పోయి అక్కడి కొట్టు దగ్గర అడిగితే, అలా ఓ మైలు పో, గుట్ట ఎక్కాక మూడో పోస్టు డబ్బా ఉన్న ఇల్లే అన్నారట.

హోస్ట్: అబ్బ! బెంగతో కట్టిన పాటే అడ్రసైందన్నమాట.

బాబాయ్: అవునమ్మా. కానీ హర్ట్ సంతోషించలేదు, హడలిపోయాడు. ఆ మిసిసిపీలో ఓ తెల్లవాడు నీ పేరడుగుతూ గుమ్మంలోకొస్తే ఏమనుకుంటావు? పోలీసే అనుకున్నాడు. నేనే తప్పూ చేయలేదు బాబూ అన్నాడు. ఇంట్లో గిటారు కూడా లేదు. కుర్రాడు తనది చేతికిచ్చాడు. నువ్వే ఆ హర్ట్‌వని ఇక వేళ్లే చెప్పాలి కదా.

హోస్ట్: చెప్పాయా?

బాబాయ్: ఆ ఏడే న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో వేల మంది ముందు వాయించాడు. డెబ్బయ్యో పడిలో స్టారయ్యాడు. దక్కింది మూడేళ్లే. 1966 నవంబరు 2న పోయాడు. లవిన్ స్పూన్‌ఫుల్ అని ఓ రాక్ బ్యాండుంది చూడు, ఆ పేరు ఈయన కాఫీ పాటలోదే.

హోస్ట్: ఆ ఇల్లు ఇంకా ఉందా బాబాయ్?

బాబాయ్: మనవరాలు మ్యూజియం చేసింది. 2024లో కాలిపోయింది.

హోస్ట్: అయ్యో.

బాబాయ్: ఊఁ. ఉండు, ఇందాక రెండో వరసలో బొటనవేలు తప్పింది. మళ్లీ వాయిస్తాను.

(గిటారు)