ఈ కథ కొత్తది, అయితే ఏం?

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నా పరిచయానికే పది నిమిషాలు ఖర్చుపెట్టారు. వాటిని నా వాటాలోంచి కోయరనే ధైర్యంతో నేరుగా విషయంలోకి వస్తాను. ఆధునిక పేగన్లు నక్షత్రాలకు కొత్త పురాణాలు అల్లుతున్నారు, అది చెల్లుతుందా అని నన్ను అడిగారు. చెల్లుతుంది. నిజానికి నాకొక ఫిర్యాదు ఉంది, అది చెప్పుకోవడానికే వచ్చాను.

పేగన్లంటే ఎవరో రెండు ముక్కల్లో చెబుతాను. క్రైస్తవం రాకముందు ఐరోపాలో కొలిచిన దేవతలను మళ్ళీ కొలుస్తున్నవాళ్ళు. బ్రిటన్‌లో మంత్రవిద్య చట్టం 1951లో రద్దయింది. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ రాసిన పుస్తకంతో వికా మతం, అంటే మంత్రవిద్యను పాటించే పేగన్ శాఖ, లోకానికి తెలిసింది. వయసులో మన ఆంధ్ర రాష్ట్రానికి ఇంచుమించు ఈడు.

ఇంత కుర్ర మతానికి ఆకాశం మీద హక్కేమిటి అంటారా? హక్కుదారులు అంతకుముందూ చాలామంది వచ్చారు. 1627లో జూలియస్ షిల్లర్ అనే జర్మన్ న్యాయవాది పన్నెండు రాశులనూ పన్నెండుమంది అపొస్తలులుగా మార్చి నక్షత్రపటాలు అచ్చువేశాడు. మేషం పోయి పేతురు వచ్చాడు. లోకం పట్టించుకోలేదు. 1750ల మొదట్లో లకాయ్ అనే ఫ్రెంచి ఖగోళజ్ఞుడు దక్షిణాఫ్రికా కొసన కూర్చుని 14 కొత్త తారామండలాలు గీశాడు: గాలిపంపు, కొలిమి, గడియారం, సూక్ష్మదర్శిని... 1922లో అంతర్జాతీయ ఖగోళ సంఘం 88 మండలాల జాబితా ఖాయం చేసినప్పుడు గాలిపంపు దర్జాగా అందులో కూర్చుంది. గాలిపంపుకు చోటిచ్చిన ఆకాశం దేవతకు ఇవ్వదా?

ఇప్పుడు నాకిష్టమైన సంగతి. మా అమ్మాయి వేల్స్‌లో ఉన్న రోజుల్లో, ఒక జూన్ రాత్రి, ఒక వికా బృందంతో కొండెక్కాను. అక్కడ ఆ నెలలో పదకొండు దాటితేగాని చీకటి పడదు. నడినెత్తిన ఉత్తర కిరీటం, అర్ధవలయంగా ఏడు చుక్కలు. వెల్ష్‌వాళ్ళు దాన్ని అరియన్‌రోద్ కోట అంటారు. మధ్యయుగపు వెల్ష్ కథల్లో ఈమె కన్నకొడుకును ఒప్పుకోదు. తాను పెడితే తప్ప వాడికి పేరు ఉండకూడదని, తాను ఇస్తే తప్ప ఆయుధం పట్టకూడదని, మానవజాతిలో భార్య దొరకకూడదని శపిస్తుంది. ఆ రాత్రి కథ చెప్పిన ఆవిడ ముందే, "ఇది పోయిన చలికాలం నేను రాసుకున్నది" అంది. ఆమె కథలో అరియన్‌రోద్ ఎనభై ఏళ్ళకోసారి కోట కిటికీలో దీపం పెడుతుంది, కొడుకు తిరిగివస్తున్నాడేమో చూడటానికి. వారం తిరగకుండా ఆర్పేస్తుంది.

ఎందుకు ఎనభై? ఆ మండలంలో మామూలుగా కంటికి కనిపించని నక్షత్రం ఒకటుంది. అది 1866లో, మళ్ళీ 1946లో భగ్గుమని దాదాపు ధ్రువనక్షత్రమంత వెలిగి, కొద్ది రోజుల్లోనే కనుమరుగైంది. నిజానికి అక్కడున్నవి జంట నక్షత్రాలు. ఎర్రటి పెద్ద నక్షత్రం నుంచి పదార్థం పక్కనున్న తెల్ల మరుగుజ్జు (కాలిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) మీద ఏళ్ళ తరబడి పేరుకుని ఒక్కసారిగా పేలుతుంది. ఆమె లెక్క తప్పలేదు. తల్లి మనసునూ వదల్లేదు. నాకు కళ్ళు చెమర్చాయి, ఒప్పుకుంటాను.

ఆ కథను ఆమె అనుమతితోనే తెలుగు చేసి, ఇక్కడ పిల్లల ఆకాశ దర్శనం కార్యక్రమానికి ఇచ్చాను. కొత్త కథ అని మొదటి వాక్యంలోనే రాశాను. కరపత్రం చేతికొచ్చింది. మొదటి వాక్యం ఎగిరిపోయింది, పైన లావుపాటి అక్షరాల్లో "అయిదువేల ఏళ్ళనాటి కెల్టిక్ పురాణం"! కెల్టులంటే వెల్ష్‌వాళ్ళ పూర్వీకులు. అడిగితే, "కొత్తదంటే ఎవరు వింటారు మేడమ్?" అన్నారు. అయిదువేలు! వేలంపాటలోలా ఎవరు పాడారు ఆ అంకె? చెప్పండి, మీలో ఎంతమంది కథ నచ్చితే దాని పుట్టినతేదీ అడుగుతారు?

ఈ జబ్బు అక్కడా ఉంది. 1970ల్లో ఏడన్ కెల్లీ అనే అమెరికన్ పేగన్ శరద్విషువత్తు (శరత్తులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) పండుగకు పేరు లేదని, వెల్ష్ కథలోంచి మాబోన్ పేరు తెచ్చి పెట్టాడు. తానే పెట్టానని బాహాటంగా చెప్పాడు కూడా. అయినా అది ప్రాచీన కెల్టిక్ పండుగేనని వాదించేవాళ్ళకు కొదవ లేదు.

ఒక్క హద్దు మాత్రం నాకూ ఉంది. ఆస్ట్రేలియా పేగన్లకు రుతువులు తలకిందులు, ఓరియన్ అనే వేటగాడి మండలమూ తలకిందులు. వాళ్ళకు కొత్త కథలు కావాలి, నిజమే. కానీ అక్కడ పాలపుంతలోని నల్లటి చీలికల్లో ఆదివాసులు ఈము పక్షిని ఎప్పటినుంచో చూస్తున్నారు. దాన్ని ఎత్తుకొచ్చి తమ దేవత వాహనం చేస్తే అది అల్లడం కాదు, దొంగతనం.

దొంగతనం అంటే గుర్తొచ్చింది, మా అమ్మమ్మ సప్తర్షులను ముసలమ్మ మంచం అనేది. మంచం కోళ్ళు నాలుగు, ఎత్తుకుపోవడానికి వరసలో ముగ్గురు దొంగలు. కృత్తికలేమో పిల్లలకోడి. ఎవరు అల్లారో తెలియదు, వయసు ఎంతో ఆమె ఏనాడూ చెప్పలేదు, మేమూ అడగలేదు...

చీటీ వచ్చింది, ముగించమని. ముగిస్తాను. ప్రశ్నలుంటే అడగండి. ఆ కరపత్రం అచ్చువేయించినవారు సభలో ఉంటే మాత్రం మొదటి ప్రశ్న నాది.