శక సంవత్సరాలు, ఇద్దరు తిక్కనలు

అక్క: నమస్కారం. నెల్లూరు నుంచి శ్రోతలతో ఎప్పటిలాగే మేమిద్దరమే.

తమ్ముడు: ఇవాళ మన అంశం శాసనాల్లో తేదీలు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. మాఘ, ఫాల్గుణ మాసాలైతే 79 కలపాలి, అప్పటికి జనవరి దాటిపోతుంది కాబట్టి. ఒట్టి ప్రభవ, విభవ అని మాత్రమే ఉంటే దాన్ని నమ్ముకోలేం. 60 ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది.

అక్క: తిథి, వారం, గ్రహణం ఉంటే సరిచూసుకోవచ్చు. సరే, తేదీలు చాలు. శ్రోత ఒకరు పంపిన ఆ వంశవృక్షం సంగతి చెప్పు.

తమ్ముడు: అప్పుడే మొదలుపెట్టావా?

అక్క: పెట్టక ఏం చేయను? ఆ శ్రోత ఎంతో శ్రద్ధగా పదమూడో శతాబ్దం దాకా తీసుకెళ్లి పంపించారు. అందుకే నాకు బాధ. పై తరాల వాళ్లందరికీ ఇప్పటి ఇంటిపేరు తగిలించారు. వరసగా మూడు తరాల్లో ‘మధురాంతక పొత్తపి చోడుడు’ అనే పేరు! అది బిరుదురా. నెల్లూరును ఏలిన తెలుగు చోడ రాజుల్లో చాలామంది ధరించిన బిరుదు. గండగోపాలుడు కూడా అంతే.

తమ్ముడు: బిరుదు తప్ప ఇంకేమీ దొరకకపోతే?

అక్క: బిరుదుల గడిలో వేసి, పేరు గడి ఖాళీగా ఉంచాలి.

తమ్ముడు: ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే వంశవృక్షం ఎక్కించే కొన్ని కంప్యూటరు ప్రోగ్రాములు ముందుకు కదలనివ్వవు. నువ్వు కూర్చుని ఎక్కించవు కాబట్టి నీకు తెలియదు. ఎక్కించేది నేను.

అక్క: ప్రోగ్రాము కోసం పూర్వీకుడికి లేని ఇంటిపేరు పెడతామా?

తమ్ముడు: వెతికేవాడికి దొరకాలి కదా! అద్దంకి శాసనం తీసుకో. తొమ్మిదో శతాబ్దం, తరువోజ అనే ఛందస్సులో పద్యం, తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాపతి గురించి. శాసనంలో ‘పండరంగు’ అని ఉంటుంది. మనవాళ్లు ఎవరు వెతికినా ‘పాండురంగడు’ అనే వెతుకుతారు. నేను పండరంగు అని ఒక్కటే రాస్తే ఆయన మాయమైనట్టే.

అక్క: రెండూ రాయి. రాతిమీద ఉన్నది ముందు, మనం పలికేది పక్కన. పండరంగును చెరిపేసి పాండురంగడిని కూర్చోబెడితే, రేపు ఇంకో శాసనంలో పండరంగు కనిపించినప్పుడు ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్నే ఎవరికీ రాదు.

తమ్ముడు: అది ఒప్పుకుంటాను.

అక్క: తాత పేరు మనవడికి పెట్టడం మనకు ఎప్పటినుంచో ఉంది. తిక్కన గారిని ఆదరించిన మనుమసిద్ధి తండ్రి తిక్క. ఆ తిక్క తండ్రి మళ్లీ మనుమసిద్ధే. రాజుల్లోనే ఇలా ఉంటే మామూలు ఇళ్లలో ఎలా ఉంటుందో ఊహించు. తిక్కన గారి కుటుంబం, కొట్టరువు వారింట్లోనూ అంతే. మంత్రి భాస్కరుడి మనవళ్లలో ఇద్దరు తిక్కనలు.

తమ్ముడు: కవి తిక్కన, ఖడ్గ తిక్కన.

అక్క: ఆ ‘కవి’, ‘ఖడ్గ’ అనేవి జనం గుర్తు కోసం పెట్టుకున్న మాటలు. వంశవృక్షంలో కొమ్మన కొడుకు తిక్కన, సిద్ధన కొడుకు తిక్కన అని రాస్తే తికమక ఉండదు. కొమ్మన, సిద్ధన అన్నదమ్ములని కూడా తెలుస్తుంది. సోమయాజి అనేది యజ్ఞం చేశాక వచ్చింది, పుట్టినప్పుడు పెట్టింది కాదు. ఇంతకీ వాళ్ల అమ్మలేరి?

తమ్ముడు: వస్తుందనుకున్నాను.

అక్క: రాకపోతే ఎలా? కవి తిక్కన తల్లి అన్నమ అని గ్రంథాల్లోనే ఉంది. ఈ శ్రోత పంపినదాంట్లో పదహారు తరాలకు ఒక్క ఆడపేరు లేదు.

తమ్ముడు: శాసనాల్లో ఆడవాళ్లు తక్కువ కదా అక్కా.

అక్క: ఎవరన్నారు? గుడికి దీపం పెట్టించిన ఆడవాళ్లు, భూమి ఇచ్చిన ఆడవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చువేయించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు మూడూ తిరగేస్తే తెలుస్తుంది.

తమ్ముడు: ఆ సంపుటాల్లో కందుకూరు, కనిగిరి, పొదిలి కూడా నెల్లూరే. ఊరు రాసేటప్పుడు ఇది చూసుకోవాలి. కందుకూరు 1970లో కొత్త ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు, 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరుకు వచ్చింది. అందుకే శాసనంలో పాకనాడు అని పాత సీమ పేరు ఉంటే పాకనాడు అనే రాయండి. జిల్లాను పక్కన రాసుకోండి.

అక్క: చూశావా, ఊరు విషయంలో నా మాటే చెబుతున్నావు. మనిషి విషయంలో ఎందుకు వాదిస్తావు?

తమ్ముడు: వాదించడం కాదు... నాన్న తద్దినం గుర్తొచ్చింది. పురోహితుడు మూడు తరాల పేర్లు చెప్పమంటే తాత, ముత్తాత పేర్లు చెప్పాను. నానమ్మ అత్తగారి పేరు అడిగేసరికి నోరు పెగల్లేదు.

అక్క: దస్తావేజులో ‘ఫలానావారి భార్య’ అని ఉంటుంది, అంతే. ఆ తర్పణంలో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ ముగ్గురికీ చోటుంది. మనం గీసుకునే చెట్టులోనే లేదు.

తమ్ముడు: పెద్దత్తను అడగాలి. ఉదయగిరి బస్సులో ఆమె చెప్పినవి రాసుకోవాల్సింది.

అక్క: ఈ ఆదివారమే వెళ్దాం. సరే, ఖడ్గ తిక్కన తల్లి, భార్య ఎవరు?

తమ్ముడు: ప్రోలమ్మ, చానమ్మ. కానీ అవి చాటువుల్లో, అంటే నోటినోటా వచ్చిన విడి పద్యాల్లో, జనం చెప్పుకునే కథలో ఉన్న పేర్లు.

అక్క: అలాగే ఎక్కించు, ‘చాటువు’ అని ఆధారం రాసి. శాసనంతో సమానమని ఎవరూ అనుకోకూడదు, పేరూ పోకూడదు. మన ఫైలులో ఏం రాశావు?

తమ్ముడు: సిద్ధన కొడుకు తిక్కన. పక్కన... ‘భార్య’ అని.

అక్క: ఒట్టి ‘భార్య’ అనా? తెరువు.

తమ్ముడు: రికార్డింగు నడుస్తోంది అక్కా.

అక్క: నడవనీ. చానమ్మ. చ-కు దీర్ఘం.