ముందుమాటలో మిగిలిన పేరు

అధ్యక్షులకు, సభకు నమస్కారం. స్వాగతాలకే ముప్పావు గంట పోయింది కాబట్టి నా వంతు మర్యాదలు ఇంతటితో సరి.

ఫినామినాలజీ, సైకాలజీ, మార్మికత: ఈ మూడింటికీ చుట్టరికం ఏమిటో చెప్పమన్నారు. పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నారనుకోండి. ఎందుకు ఏడుస్తున్నారని అడిగేది సైకాలజీ. ఆ దుఃఖం నాది కాదు, అయినా నాకది దుఃఖంగానే తెలుస్తోంది, ఎలా? ఇది ఫినామినాలజీ ప్రశ్న; ఏ అనుభవమైనా మనకు ఎలా తోస్తుందో చూసే తత్వశాస్త్రం అది. 1916లో ఈ ప్రశ్న మీదే డాక్టరేట్ తెచ్చుకుంది ఎడిత్ స్టైన్ అనే జర్మన్ అమ్మాయి. గురువు హుస్సెర్ల్, ఫినామినాలజీకి మూలపురుషుడు. తర్కాన్ని సైకాలజీలో కలిపేయొద్దని 1900లోనే పోట్లాడినాయన.

ఆమె ఆయన దగ్గరే అసిస్టెంటుగా చేరింది. ఆయన రాసేదంతా షార్ట్‌హ్యాండ్. ఆ కాగితాలు విప్పి, వరస పెట్టి, పుస్తకంగా కుదిర్చింది. 1919లో యూనివర్సిటీలో పాఠాలు చెప్పే అర్హత అడిగితే ఆడవాళ్లకు కుదరదన్నారు. ఆమె అలా కుదిర్చినవే, కాలస్పృహ మీద హుస్సెర్ల్ ఉపన్యాసాలు, 1928లో అచ్చయ్యాయి. సంపాదకుడెవరు? చెప్పండి, వెనక కూర్చున్న ఎం.ఏ. పిల్లలు! పెద్ద తత్వవేత్తగా పేరు పడ్డ హైడెగర్. ఆమెకు దక్కింది ముందుమాటలో చిన్న ప్రస్తావన.

సరే, మార్మికత. అంటే దైవాన్ని లోపల నేరుగా అనుభవించడం. 1921లో స్నేహితురాలి ఇంట్లో పదహారో శతాబ్దపు స్పెయిన్ సన్యాసిని తెరీసా ఆత్మకథ చదివింది స్టైన్. యూదుల పిల్ల, 1922 జనవరి 1న బాప్తిస్మం పుచ్చుకుంది. తర్వాత మఠం. 1942లో నాజీలు ఆష్విట్జ్ శిబిరంలో చంపేశారు. హుస్సెర్ల్ దగ్గరే చదివిన గెర్డా వాల్టర్ 1923లో మార్మికానుభవం మీద పుస్తకమే రాసింది. నాకు అర్థమైనంతలో అది మళ్లీ ఆ పక్కింటి ఏడుపే. నాలోపల తోచేదాంట్లో నాది కానిది ఏదో ఉందని నాకెలా తెలుస్తుంది? భ్రమ అని కొట్టిపారేసే ముందు, అది ఎలా తోచిందో చూడాలి కదా.

ఇక్కడ నా సంగతొకటి చెప్పాలి. నా థీసిస్ ఫెయిర్ కాపీ మా ఆవిడే రాసింది. కార్బన్ పెట్టి మూడు కాపీలు. వేళ్ల నీలం పప్పు గిన్నె అంచుకు కూడా అంటేది. రెండో అధ్యాయంలో అన్నమాటకు నాలుగో అధ్యాయం అడ్డం తిరిగిందని పట్టుకున్నది తనే. నేను దిద్దుకున్నాను. కృతజ్ఞతల పేజీలో మా గైడు ఉన్నారు, లైబ్రేరియన్ ఉన్నారు, బైండింగ్ చేసినాయన కూడా ఉన్నాడు.

తను మూడో వరసలో ఉంది. దయచేసి అందరూ తిరిగి చూడకండి, తనకు నచ్చదు.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. మతానుభవాల మీద రాసిన సైకాలజీ పండితుడు విలియం జేమ్స్ దగ్గరికి రానేలేదు. ప్రశ్నల్లో అడగండి, చెబుతాను.