ఎర్ర మందు ఎంత పడింది?

శ్రోతలకు నమస్కారం.

కోనసీమలో ఒక లంక గ్రామం. అక్కడో అమ్మాయి ఉందనుకుందాం. తొమ్మిదో ఏట రక్త క్యాన్సర్ వచ్చింది, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. రెండున్నరేళ్లు వైద్యం జరిగింది, నయమైంది. ఇప్పుడు 16 ఏళ్లు, ఇంటర్ చదువుతోంది. రెండు జడలు వేసుకుని కాలేజీ బస్సెక్కుతుంటే ఎవరూ పోల్చుకోలేరు. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. అమలాపురం తీసుకెళ్తే డాక్టరు గారు అడిగారు: "అప్పట్లో డాక్సోరూబిసిన్ మొత్తం ఎంత ఇచ్చారమ్మా?" వాళ్లమ్మ చెప్పింది: "ఏదో ఎర్ర మందు ఎక్కించారండి. ఒంటేలు కూడా ఎర్రగా వచ్చేది."

రంగు గుర్తుంది. లెక్క గుర్తులేదు. ఈ పూట నేను చెప్పేది ఆ లెక్క గురించే.

ఆ ఎర్ర మందే డాక్సోరూబిసిన్. అదీ, దాని తోబుట్టువు డానోరూబిసినూ ప్రాణం నిలబెట్టే క్యాన్సర్ మందులు. కానీ గుండె కండరాన్ని కొంత దెబ్బతీస్తాయి, ఆ దెబ్బ ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. ఎంత దెబ్బ అనేది మొత్తం మోతాదును బట్టి ఉంటుంది. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 30 మిల్లీగ్రాముల చొప్పున నాలుగుసార్లు ఇస్తే మొత్తం 120. 100 నుంచి 250 లోపు అయితే ఐదేళ్లకోసారి గుండె ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించాలి. 250, ఆపైన అయితే రెండేళ్లకోసారి. ఛాతీకి రేడియేషన్ కూడా పడితే ఈ లెక్క మారుతుంది. ఆడపిల్లయితే రేపు గర్భం దాల్చే ముందు కూడా ఎకో చూడాలి.

అమ్మాయి వారానికోసారి మింగిన మరో క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ మాటకొస్తే, దాని మూలాలు మన భీమవరం బిడ్డ దగ్గరున్నాయి. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధనలోంచే అమినోప్టెరిన్ అనే మందు వచ్చింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకిస్తే పదిమందికి కొంతకాలం జబ్బు తగ్గిందని 1948లో ప్రకటించారు. మెథోట్రెక్సేట్ దాని వారసురాలే. గోదారి జిల్లాల పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

సరే, మన అమ్మాయి దగ్గరికొద్దాం. చేలో గట్టు మీద నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? మడమల మీద పది అడుగులు నడవమనండి. మునివేళ్లు పైకి లేవకపోతే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వల్ల నరం బలహీనపడిందేమో చూపించాలి. బాసింపట్టు వేసుకుంటే గజ్జల్లో నొప్పంటోందా? స్టెరాయిడ్ల వల్ల తుంటి ఎముకకు రక్తం అందక అలా కావచ్చు. ఎక్స్-రే బాగానే ఉందని ఊరుకోకండి, మొదట్లో అది ఎమ్మారైలోనే కనిపిస్తుంది.

ఇవన్నీ వెతకాలంటే ఏ మందు పడిందో తెలియాలి. పెళ్లి సంబంధాలు చెడతాయని ఫైలు అటకెక్కించేవాళ్లున్నారు. పిల్లకే జబ్బు పేరు చెప్పనివాళ్లున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, అయినా ఇది తప్పు. ఆ గుండె ఆ పిల్లది. లెక్క కూడా ఆ పిల్లకే తెలియాలి.

కాబట్టి వైద్యం చేసిన ఆసుపత్రికెళ్లి అడగండి: "డాక్టరు గారూ, మొత్తం వైద్యం సారాంశం ఒక కాగితం మీద రాసివ్వండి." చివరి డిశ్చార్జి చీటీ సరిపోదు, అందులో ఆ ఒక్కసారి చేరినప్పటి సంగతే ఉంటుంది. జబ్బు పేరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, ప్రతి మందూ, ఎర్ర మందు మొత్తం మోతాదు, రేడియేషన్ ఇస్తే ఎక్కడ, ఎన్ని గ్రేలు (రేడియేషన్ కొలత అది), రక్తం ఎక్కించారా లేదా, అన్నీ ఉండాలి. ఫైలు వరదలో తడిసిపోయిందా? పాత చీటీ ఏదైనా దొరికితే దాని మీది రిజిస్టరు నంబరుతో రికార్డుల విభాగంలో అడగండి. ఆరోగ్యశ్రీలో జరిగితే ఆ కేసు నంబరూ పనికొస్తుంది.

ఇంకో మాట. ఎకో బొమ్మలు వచ్చే నున్నటి కాగితాన్ని లామినేషన్ చేయించకండి, వేడికి నల్లబడిపోతుంది. ఇప్పుడే జిరాక్సు తీయించండి. ఒక ప్రతి పాలిథిన్ కవరులో పెట్టి బీరువా పై అరలో ఉంచండి. ఇంకోటి ఫొటో తీసి అమ్మాయి ఫోన్‌లో పెట్టండి. ఆ కాగితం ఒకసారి తననే పైకి చదవమనండి, డాక్సోరూబిసిన్ పేరుతో సహా. నోరు తిరగకపోతే రెండోసారి చదవమనండి.