తొమ్మిదో ప్రశ్న

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లన్నీ చదవమని నాకు చీటీ రాసిచ్చారు. వాళ్ళని ఇప్పటికే ముగ్గురు పరిచయం చేశారు కాబట్టి, ఏమీ అనుకోవద్దని చెప్పి చీటీ మడిచేస్తున్నాను. నేను కింద నుంచి మాట్లాడుతున్నది వినయంతో కాదు. వేదికకు ఏడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఆధారం లేదు, ర్యాంపు లేదు. సభేమో దీర్ఘకాలిక జబ్బులూ వైకల్యాలూ ఉన్నవాళ్ళ మానసిక ఆరోగ్యం గురించి. నిర్వాహకులు నొచ్చుకోకండి, హాలు దొరకడం ఎంత కష్టమో నాకూ తెలుసు. అయినా అనకుండా ఉండలేను. ముందు వరసలో ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకున్నవాళ్ళు నలుగురున్నారు. మీకు ప్రత్యేకంగా నమస్కారం, మీ పుణ్యమా అని నాలుగు కుర్చీల అద్దె మిగిలింది.

నాకిచ్చిన అంశం 'ధైర్యంగా జీవించడం ఎలా'. ఇరవై నిమిషాలు టైమిచ్చారు. ధైర్యం మీద ఇరవై నిమిషాలు మాట్లాడేంత సరుకు నా దగ్గర లేదు. నా దగ్గరున్నది ఒక ఫిర్యాదు.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి 19 ఏళ్ళు. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే మన కీళ్ళ మీద పడే జబ్బు. పొద్దున లేచేసరికి వేళ్ళు కొయ్యబారిపోయి ఉంటాయి, మడత పడటానికి గంట, ఒక్కోరోజు రెండు గంటలు. ఇందులో నాకు బాగా మండేది ఒకటుంది. నొప్పి తగ్గించే మాత్రని దాని రేకులోంచి బయటికి నొక్కాలంటే నొప్పి లేని వేళ్ళుండాలి. ఆ రేకు తయారుచేసినవాడికి కీళ్ళనొప్పి లేదని దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

జబ్బు బయటపడక ముందు ఒక డాక్టరు నా రిపోర్టులు తిరగేసి, "అన్నీ నార్మల్‌గానే ఉన్నాయమ్మా, టెన్షన్ ఎక్కువ పెట్టుకుంటున్నారు" అన్నారు. అంటే నొప్పంతా మనసులోనే ఉందని. ఏడాది తర్వాత జబ్బు ఖాయమైంది. అప్పుడు ఇంకో డాక్టరు దగ్గర, నిద్ర పట్టట్లేదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదు, ఊరికే ఏడుపొస్తోంది అని చెప్పుకున్నాను. ఆయన ఏమన్నారంటే, "ఇలాంటి జబ్బుతో దిగులు సహజమే కదమ్మా." ఒకరు నొప్పిని నమ్మలేదు, ఒకరు దిగులుని పట్టించుకోలేదు. ఇద్దరూ మర్యాదస్తులే. ఆ రెండు మాటల మధ్య నాకు మూడేళ్ళు పోయాయి.

'సహజమే కదా' అనే మాట మీదే నా ఫిర్యాదు. కాలు విరిగితే నొప్పి రావడం సహజమే. సహజమే కదా అని కట్టు కట్టకుండా ఇంటికి పంపిస్తామా? షుగర్ ఉన్నవాళ్ళకి డిప్రెషన్ వచ్చే అవకాశం లేనివాళ్ళతో పోలిస్తే దాదాపు రెట్టింపు. వస్తే ఏమవుతుంది? మాత్రలు మానేస్తారు, నడక మానేస్తారు, షుగర్ పెరుగుతుంది, పెరిగినందుకు మళ్ళీ తిట్లు తింటారు. దిగులుకి వైద్యం చెయ్యకపోతే ఒంటి జబ్బుకి చేస్తున్న వైద్యం కూడా కుంటుతుంది. అయ్యో, కుంటుతుంది అన్నాను. చూశారా, మన భాషలో చెడిపోయిన ప్రతిదానికీ మన ఒళ్ళే ఉపమానం. సరే.

దిగులు ఒక్కోసారి జబ్బు వల్ల కలిగిన బాధ మాత్రమే కాదు, జబ్బులో భాగమే. నా కీళ్ళలో వాపుని రేపే సైటోకైన్లు అనే పదార్థాలు మెదడు మీద కూడా పనిచేస్తాయి. గట్టిగా జ్వరం వస్తే ఎవరూ వద్దనిపించి దుప్పటి కప్పుకుని మూలకి పడుకుంటామే, అందులో వీటి చెయ్యి ఉంది. పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బులో చెయ్యి వణకడానికి కొన్నేళ్ళ ముందే డిప్రెషన్ కనిపించవచ్చు. థైరాయిడ్ తగ్గినా అచ్చం డిప్రెషన్‌లాగే ఉండొచ్చు. స్టెరాయిడ్ మందులు నిద్రనీ మూడ్‌నీ తలకిందులు చెయ్యగలవు, అది నేను ఒంటితో చదివిన పాఠం. ఒళ్ళు వేరు, మనసు వేరు అని విడదీసి వైద్యం చేస్తే లాభం లేదని జార్జ్ ఎంగెల్ అనే వైద్యుడు 1977లోనే రాశారు. ఒళ్ళు, మనసు, చుట్టూ ఉన్న సమాజం, మూడూ కలిపి చూడమన్నారు. నా ఫైల్లో ఇప్పటికీ కీళ్ళ లెక్క మాత్రమే ఉంటుంది. వాచినవి ఎన్ని, నొప్పి పెట్టేవి ఎన్ని.

ఇక్కడ నేను మందుల గురించీ కౌన్సెలింగ్ గురించీ వివరంగా చెప్పాలని రాసుకున్నాను. కానీ ఒక ఫారం సంగతి చెప్పకుండా ముందుకి పోలేను.

డిప్రెషన్ ఉందో లేదో చూడటానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంది. 2001 నుంచీ చాలా దేశాల్లో వాడుతున్నారు. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించింది అని అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం 27. పది, ఆపైన వస్తే శ్రద్ధ పెట్టి చూడాలి. ఒక ఆసుపత్రిలో నాకది ఇచ్చారు. ఆ రోజు నా చెయ్యి పెన్ను పట్టే స్థితిలో లేదు. పక్కన మా ఆయన ఉన్నారు. ఆయన చదువుతున్నారు, నేను చెబుతున్నాను, ఆయన టిక్కు పెడుతున్నారు. నిద్ర, మూడు. నీరసం, మూడు. 'మీ మీద మీకే చులకనగా అనిపించడం' అని చదివినప్పుడు ఆయన గొంతు తగ్గింది. నేను మూడు అనబోయి ఒకటి అన్నాను. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ మాట ఎలా చెప్తాం?

ఎనిమిది అయ్యాక ఆయన కాయితం మడిచేశారు. తొమ్మిదోది ఏది అని అడిగితే, "ఏం లేదు, మామూలుదే" అన్నారు.

డాక్టరు ఆ ఫారం చూసి, నిద్రా నీరసం మీ ఆర్థరైటిస్ ఖాతాలోవి అని అవి కొట్టేశారు. పూర్తిగా తప్పని అనను. ఆ చిక్కు నిజంగానే ఉంది. ఒంట్లో జబ్బున్నవాళ్ళ కోసమే నిద్ర, నీరసం లాంటివి పక్కన పెట్టి 1983లో హెచ్‌ఏడీఎస్ అని 14 ప్రశ్నల ఫారం తయారుచేశారు. ఏడు ఆందోళనకి, ఏడు డిప్రెషన్‌కి. కానీ అది కూడా ఎవరో చదివిపెడితే నింపాల్సిందే అయినప్పుడు, ఏ ఫారమైతే ఏముంది? చూపు లేనివాళ్ళు, సంజ్ఞా భాష తప్ప వేరే భాష లేనివాళ్ళు, మాట స్పష్టంగా రానివాళ్ళు ఇవాళ ఇక్కడే ఉన్నారు. మీ మనసులో మాట ఎవరి నోటి మీదుగా డాక్టరు దాకా వెళ్తోంది? అమ్మ నోటి మీదుగానా? కొడుకు నోటి మీదుగానా? కౌన్సెలర్లు ఎవరైనా వచ్చి ఉంటే, దయచేసి వినండి. తోడు వచ్చినవాళ్ళని ఐదు నిమిషాలు బయట కూర్చోమనండి. సంజ్ఞా భాష తెలిసిన దుబాసీని మీరు పిలిపించండి, చెల్లెల్ని అనువాదం చెయ్యమనకండి.

ఆ ఐదు నిమిషాలు నాకు దొరకడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. దొరికాక కౌన్సెలింగ్‌తో పాటు మందు కూడా వాడాను. కీళ్ళు తగ్గలేదు. రోజుల బరువు తగ్గింది. ఒంట్లో బాగున్న రోజున పనంతా చేసేసి తర్వాతి మూడు రోజులు మంచం పట్టే అలవాటుని కౌన్సెలరే పట్టుకున్నారు. బాగున్న రోజున కూడా సగంలో ఆపమన్నారు. వినడానికి ఎంత తేలికో, ఆపడానికి అంత కష్టం. అన్నిటికన్నా, నాలాంటి నొప్పే ఉన్న ఇంకొకావిడతో వారానికోసారి ఫోన్లో మాట్లాడుకోవడం పనిచేసింది. మేమిద్దరం ఒకరికొకరం ధైర్యం చెప్పుకోం. తిట్టుకుంటాం, ఎక్కువగా ఆ మాత్రల రేకుని. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వైకల్యం గల వ్యక్తుల హక్కుల ఒడంబడికలో, 26వ అధికరణంలో, ఇలా సాటివాళ్ళ తోడు గురించి కూడా రాశారు. మాకు మాత్రం అది ఒడంబడికని తెలీదు, ఫోను మాత్రమే తెలుసు.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషం.

తొమ్మిదో ప్రశ్న ఏమిటో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చచ్చిపోతే మేలనో, మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకోవాలనో అనిపించిందా అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అలా పుట్టదు. అడగండి. అలా అనిపిస్తున్నవాళ్ళు ఈ హాల్లో ఉంటే, ఇంటికెళ్ళాక చూద్దాంలే అనుకోకండి, ఇవాళే ఒక మనిషితో చెప్పండి.

మా ఆయన్ని ఈమధ్య అడిగాను, ఆ రోజు అది ఎందుకు చదవలేదని. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "నువ్వు అవునంటే నేనేం చెయ్యాలో తెలీక" అన్నారు. ఆయన్ని కూడా ఎవరూ ఏమీ అడగలేదు ఇన్నేళ్ళూ. ఆ చివరి వరసలో కూర్చున్నారు, చెయ్యెత్తమంటే ఎత్తరు.

వెనక ఎడమవైపు గదిలో ఇవాళ సాయంత్రం దాకా ఇద్దరు కౌన్సెలర్లు ఉంటారు. మీకైనా, మీతో వచ్చినవాళ్ళకైనా. ఒకరొకరుగా లోపలికి వెళ్ళొచ్చు. ఆ గదికి మెట్లు లేవు. చక్రాల కుర్చీ పడుతుందో లేదో పొద్దున గుమ్మం కొలిపించాను, పడుతుంది.