స్కాన్ ఫైల్స్‌ను ఆస్పత్రికి నెట్‌లో భద్రంగా పంపడం ఎలా? తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం

అందరికీ నమస్కారం. చిత్తూరులోనో తిరుపతిలోనో సీటీ, ఎమ్మారై తీయించి, దాన్ని రాయవేలూరు సీఎంసీకో, చెన్నైలోని ఆస్పత్రికో, మన స్విమ్స్‌కో పంపాల్సిన పేషెంట్ తరఫు వాళ్ల కోసం ఈ వీడియో. చివర్లో స్కాన్ సెంటర్ల వాళ్లకూ ఓ ముఖ్యమైన మాట ఉంది.

స్కాన్ అయ్యాక ఫిల్ము, సీడీ ఇస్తారు. చాలామంది ఫిల్మును వెలుతురుకు పట్టి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. డాక్టరుగారేమో "ఇది చాలదమ్మా, డైకామ్ పంపించండి" అంటారు. డైకామ్ అంటే స్కాన్ మెషీన్ తయారుచేసే అసలు ఫైళ్లు. ఫొటో ఎందుకు చాలదో చూద్దాం. సీటీలో ప్రతి చుక్కకీ ఒక అంకె ఉంటుంది: గాలికి మైనస్ 1000, నీటికి సున్నా, గట్టి ఎముకకు వెయ్యి, ఆపైన. మెదడు చూడాలంటే డాక్టరు అందులో 80 అంకెల వెడల్పున్న ముక్కనే తెర మీద పరుచుకుంటారు. ఊపిరితిత్తులకైతే 1500 వెడల్పు కావాలి. ఫిల్ము మీద అలాంటి అమరిక ఒకటో రెండో అచ్చయి ఉంటాయి, అదీ కొన్ని బొమ్మలకే. ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే అది ఇంకా కుదించేస్తుంది. అంకెలన్నీ ఉండేది సీడీలోని డైకామ్ ఫైళ్లలోనే.

పక్షవాతం లాంటి అత్యవసరంలో మాత్రం ఆగొద్దు. డాక్టరు అడిగితే ఫొటో, వీడియో ఏదైనా వెంటనే పంపండి, అసలు ఫైళ్లు వెనకాలే పంపొచ్చు.

(తెర మీద: సీడీ ఫోల్డర్)

ఇప్పుడు సీడీ తెరుద్దాం. ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవ్ లేకపోతే స్కాన్ సెంటర్లోనే పెన్‌డ్రైవ్‌లో అడగండి. లోపల డైకామ్‌డిర్ అనే ఫైలు, పక్కన ఒక ఫోల్డరు కనిపిస్తాయి. ఆ ఫోల్డర్లో చివర డాట్ జేపీజీ లాంటిదేమీ లేని ఫైళ్లు వందల్లో ఉంటాయి. వాటి పేర్లు మార్చకండి. ఏ బొమ్మ ఎక్కడుందో డైకామ్‌డిర్‌లో ఆ పేర్లతోనే రాసి ఉంటుంది, మారిస్తే దొరకదు. ఈ రెంటినీ ఒక కొత్త ఫోల్డర్లోకి కాపీ చేయండి. సీడీతో వచ్చే వ్యూయర్ ప్రోగ్రాం పంపక్కర్లేదు, ఆస్పత్రి యాంటీవైరస్ దాన్ని అడ్డుకోవచ్చు.

గీతలు పడ్డ సీడీ అయితే కాపీ మధ్యలో ఆగిపోతుంది. అందుకే రెండు చోట్లా రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో ఫైళ్ల లెక్క సరిపోయిందా చూడండి. తర్వాత మైక్రోడైకామ్ లాంటి ఉచిత వ్యూయర్లో ఫోల్డరు తెరిచి పేరు, వయసు, తేదీ సరిచూసుకోండి. ఒకే పేరున్న ఇద్దరి సీడీలు తారుమారైతే ఇక్కడే తెలిసిపోవాలి.

చికిత్స కోసం పంపేటప్పుడు ఫైల్లోంచి పేషెంట్ పేరు తీసేయకండి. అది ఎవరి స్కానో ఆస్పత్రికి తెలియాలి కదా. పేరు తీయాల్సింది క్లాసుల్లోనో డాక్టర్ల గ్రూపుల్లోనో చూపించేటప్పుడు. అప్పుడు కూడా పేరొక్కటీ తీస్తే సరిపోదు: అల్ట్రాసౌండ్‌లో పేరు బొమ్మలోనే అచ్చయి ఉంటుంది, తల సీటీ నుంచి ముఖం ఆకారాన్నే మళ్లీ కట్టొచ్చు.

(తెర మీద: సెవెన్‌జిప్)

ఇక సెవెన్‌జిప్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఈ ఫోల్డర్‌ను ఒకే ఫైలుగా, అంటే ఆర్కైవ్‌గా చుట్టి తాళం వేద్దాం. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, సెవెన్‌జిప్, యాడ్ టు ఆర్కైవ్. ఫార్మాట్ దగ్గర 7జెడ్ పెట్టండి. పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టి, కింద ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్‌కు టిక్ పెట్టండి. అవతలి వాళ్లు జిప్పే కావాలంటే ఎన్‌క్రిప్షన్ మెథడ్‌లో జిప్‌క్రిప్టో ఉంటుంది, దాన్ని ఏఈఎస్-256కు మార్చండి. జిప్‌క్రిప్టో పాతది, బలహీనమైంది. ఏఈఎస్ జిప్ విండోస్ సొంత టూల్‌తో తెరుచుకోకపోతే ఫైలు పాడైందని కంగారు పడొద్దు, వాళ్లనూ సెవెన్‌జిప్‌తోనే తెరవమనండి. జిప్‌లో లోపలి ఫైళ్ల పేర్లు పాస్‌వర్డ్ లేకపోయినా కనిపిస్తాయి. ఆర్కైవ్ పేరైతే ఎలాగూ అందరికీ కనిపిస్తుంది. కాబట్టి కొత్త ఫోల్డరు పేరులో గానీ, ఆర్కైవ్ పేరులో గానీ పేషెంట్ పేరు, జబ్బు పేరు రాయకండి. పంపే ముందు టెస్ట్ ఆర్కైవ్ నొక్కి చూడండి.

పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు, పుట్టిన తేదీ వద్దు. సంబంధం లేని నాలుగైదు మాటలు కలపండి. దాన్ని లింకుతో పాటు అదే మెయిల్లో పంపితే తాళంచెవిని తలుపుకే తగిలించినట్టు. ఫోన్ చేసి నోటితో చెప్పండి.

ఆస్పత్రికి సొంత అప్‌లోడ్ పోర్టల్ ఉంటే ముందు అదే వాడండి. అడ్రస్ మాత్రం ఓపీ చీటీ మీదో రిసెప్షన్‌లోనో చూసి టైప్ చేయండి, ఎవరో ఫార్వర్డ్ చేసిన లింకు నొక్కొద్దు. బ్రౌజర్లో తాళం గుర్తు ఉంటే దారి భద్రమని మాత్రమే అర్థం, అవతల ఉన్నది ఆస్పత్రేనని కాదు.

పోర్టల్ లేకపోతే గూగుల్ డ్రైవ్. సన్నటి ముక్కలతో తీసిన సీటీ 400 బొమ్మలుంటే, ఒక్కోటి అర ఎంబీ చొప్పున 200 ఎంబీ. జీమెయిల్ అటాచ్‌మెంట్ 25 ఎంబీ దాటదు. డ్రైవ్‌లో పెట్టాక షేర్ నొక్కి, ఎనీవన్ విత్ ది లింక్ కాకుండా రిస్ట్రిక్టెడ్ ఉంచి, ఆస్పత్రి ఇచ్చిన మెయిల్‌ను వ్యూయర్‌గా చేర్చండి. అప్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్ ఉంటే 200 ఎంబీకి ఐదారు నిమిషాలు. 1 ఎంబీపీఎస్ అయితే దాదాపు అరగంట, ఈలోపు ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చుకోండి.

నెట్ సెంటర్లో చేస్తే లేచే ముందు ఫోల్డరును షిఫ్ట్ డిలీట్ చేసి, జీమెయిల్ లాగవుట్ అవ్వండి. డాక్టరు డౌన్‌లోడ్ అయింది, తెరుచుకుంది అన్నాక షేరింగ్ తీసేసి, ఫైలును డ్రైవ్ బిన్‌లోంచి కూడా తుడిచేయండి. లేదంటే అక్కడ 30 రోజులు ఉంటుంది. సీడీ మాత్రం జాగ్రత్తగా దాచండి, వచ్చే స్కాన్‌ను దీనితోనే పోల్చి చూస్తారు.

స్కాన్ సెంటర్ల వాళ్లు దయచేసి వినండి. బయటి రేడియాలజిస్టు కోసం రౌటర్లో డైకామ్ వాడే 104, 11112 పోర్టులు ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకండి. మామూలు డైకామ్‌లో పేషెంట్ పేరుతో సహా అంతా బాహాటంగా వెళ్తుంది. డైకామ్ మెషీన్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే ఏఈ టైటిల్ పాస్‌వర్డ్ కాదు, అది ఊహించగలిగే పేరు మాత్రమే. వీపీఎన్ (ఇంటర్నెట్ మీద తాళం వేసిన సొంత దారి) పెట్టండి, లేదా టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌తో 2762 పోర్టు వాడండి. స్కాన్లు దాచే ఆర్థాంక్ అనే ఉచిత సర్వరుంటే దాని 4242, 8042 పోర్టులు కూడా బయటికి కనిపించకూడదు, మొదట వచ్చిన పాస్‌వర్డ్ మార్చాల్సిందే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఆ వివరాలు కాపాడాల్సిన బాధ్యత సెంటరుదే. ఇప్పుడే రౌటర్ తెరిచి, పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీలో ఏమేం ఉన్నాయో చూడండి.