చమురు మాత్రం ఆపలేదు

వ్యాఖ్యాత: నమస్తే మేడమ్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత యుద్ధాలు ఆపడానికి దేశాలు పెట్టుకున్న నానాజాతి సమితికి (లీగ్ ఆఫ్ నేషన్స్) సొంత సైన్యం లేదు, అందుకే కూలిపోయిందని మనందరం బడిలో చదువుకున్నాం. మీరేమో అది సగం మాటే అంటారు.

అతిథి: అవునండీ. అబిస్సీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా సంగతే చూడండి. 1923 నుంచి సమితిలో సభ్య దేశం. 1935 అక్టోబరు 3న ఇటలీ నియంత ముస్సోలినీ సైన్యం దాని మీద పడింది. నాలుగు రోజుల్లోనే సమితి మండలి ఇటలీదే తప్పని తేల్చింది. నవంబరు 18 నుంచి ఆంక్షలు కూడా మొదలయ్యాయి. ఇక్కడిదాకా బాగానే నడిచింది.

వ్యాఖ్యాత: మరి తేడా ఎక్కడొచ్చింది?

అతిథి: ఆ జాబితాలో. ఇటలీకి అప్పులివ్వకూడదు, ఆయుధాలమ్మకూడదు, దాని సరుకు కొనకూడదు. రబ్బరు, తగరం పంపకూడదు. కంచరగాడిదలు, ఒంటెలు కూడా అమ్మకూడదన్నారు! చమురు మాత్రం ఆపలేదు. లారీలు, విమానాలతో చేసే యుద్ధమది, ఇటలీకి సొంత చమురు దాదాపు లేదు. సూయజ్ కాలువ కూడా మూయలేదు. ఇటలీ సైనికులు అందులోంచే ఎర్ర సముద్రంలోకి వెళ్లారు.

వ్యాఖ్యాత: చమురు మనం ఆపినా అమెరికా అమ్ముతుందని వాదించారు కదా? అమెరికా సమితిలో లేదు మరి.

అతిథి: ఆ ఇబ్బంది నిజమే, కాదనను. కానీ అసలు భయం వేరు. హిట్లర్‌కు ఎదురు నిలవడానికి ముస్సోలినీ తమ పక్కన ఉండాలని బ్రిటన్, ఫ్రాన్స్ అనుకున్నాయి. అందుకే డిసెంబరులో బ్రిటన్ విదేశాంగ మంత్రి హోర్, ఫ్రాన్స్ ప్రధాని లావాల్ ఇద్దరూ పారిస్‌లో కూర్చుని ఇథియోపియా నేలను ఇటలీకి పంచిపెట్టే పథకం రాశారు. అది పత్రికలకెక్కింది, బ్రిటన్‌లో జనం మండిపడ్డారు, హోర్ రాజీనామా చేశాడు. ఈ శామ్యూల్ హోర్ ఎవరనుకున్నారు? అంతకు కొన్ని నెలల ముందు మన 1935 భారత ప్రభుత్వ చట్టాన్ని పార్లమెంటులో నెగ్గించిన ఇండియా మంత్రి.

వ్యాఖ్యాత: అవునా! మనవాళ్లు ఎలా స్పందించారు?

అతిథి: 1936 మార్చిలో నెహ్రూ యూరప్ నుంచి రోమ్ మీదుగా తిరిగొస్తున్నారు. కమలా నెహ్రూ పోయి ఎన్నో రోజులు కాలేదు. ముస్సోలినీని కలవాలని అక్కడి అధికారులు గట్టిగా పట్టుబట్టారు. ఆయన ససేమిరా అన్నారు. ఆ భేటీని ప్రచారానికి వాడుకుంటారని ఆయనకు తెలుసు. దుఃఖంలో ఉండి కూడా అలా నిలబడ్డారే, దాన్ని నేను చాలా గౌరవిస్తాను.

వ్యాఖ్యాత: విషవాయువు సంగతీ చెప్పండి.

అతిథి: విషవాయువు వాడబోమని 1925 జెనీవా ఒప్పందంలో ఇటలీ మాటిచ్చింది. అయినా విమానాల నుంచి మస్టర్డ్ గ్యాస్ చల్లింది. మే 5న ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా పడిపోయింది. జూన్ 30న ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ జెనీవాలో, సమితి సభలో లేచి మాట్లాడబోతే ఇటలీ పాత్రికేయులు ఈలలు వేశారు. ఆయన తమ భాష అమ్హారిక్‌లోనే ప్రసంగించి, ఆ గ్యాస్ తన జనాన్ని ఏం చేసిందో వివరించి, నా ప్రజలకు ఏం జవాబు తీసుకెళ్లమంటారని అడిగాడు. జులైలో సమితి ఆంక్షలు ఎత్తేసింది. అదే ఆ జవాబు.

వ్యాఖ్యాత: చిన్న దేశాలు దీన్ని చూసి ఏమనుకున్నాయో?

అతిథి: అదే జులైలో డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్‌తో సహా ఏడు దేశాలు ఓ ప్రకటన చేశాయి. ఆంక్షల నిబంధనకు ఇక మేం కట్టుబడి ఉన్నట్టు కాదన్నాయి. ఆ మూడింటినీ 1940లో జర్మనీ ఆక్రమించింది.